ఏడో కాలు

మా మామయ్యకు చెవులు పోయాయని మొట్టమొదట కనిపెట్టింది నేనే. ఆఖరిదాకా దాచిందీ నేనే. గొప్ప కోసం చెప్పటం లేదు. ఆ వానాకాలం మా ఇంట్లో జరిగినదానికి మొదలెక్కడ అని ఎవరైనా అడిగితే, నాకు ఇదొక్కటే తోస్తుంది.

మామయ్య వంతెన మేస్త్రీ. పాత రోడ్డు మీద నది దాటించే కాంక్రీటు వంతెన ఆయన చేతికింద ఉండేది. తొంభై ఏళ్ళ కిందట కట్టినది. ఒడ్డు నుంచి ఒడ్డుకు పక్కపక్కనే రెండు పెద్ద కమానులు, వాటి వీపు మీద నిలబెట్టిన పొట్టి స్తంభాలు, ఆ స్తంభాల మీద రోడ్డు. స్తంభాల్ని అందరూ కాళ్ళు అనేవాళ్ళు. ఒక్కో కమాను మీద పన్నెండు చొప్పున మొత్తం ఇరవై నాలుగు కాళ్ళు. ప్రతి సోమవారం మధ్యాహ్నం, లారీల వాళ్ళు భోజనాలకు ఆగి రోడ్డు ఖాళీగా ఉండే వేళ, మామయ్య గట్టు పక్క మెట్లు దిగి కమాను వీపు మీద నడుచుకుంటూ ఒక్కో కాలినీ చిన్న సుత్తితో మూడేసి దెబ్బలు కొట్టేవారు. గట్టి కాంక్రీటైతే ఖణేల్మని మోగుతుంది. లోపల ఇనుము తుప్పుపట్టి పైపెచ్చు విడిపోయి ఉంటే బొద్దుబొద్దుమంటుంది. అలాంటి చోట సుద్దముక్కతో సున్నా చుట్టి, రిజిస్టర్లో 'డొల్ల' అని రాసేవారు. ఆ మాట పడిందంటే మరమ్మతు అయ్యేదాకా లారీలు కదలకూడదు. ఇంజనీరు కూడా దానికి ఎదురు చెప్పేవాడు కాదు.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన రెండో ఏడు, ఎండలు ఇంకా తగ్గని రోజుల్లో, ఎప్పటిలాగే మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వంతెన దగ్గరికి వెళ్ళాను. మామయ్య రోడ్డు మధ్యలో వంగి ఏదో పగులు చూసుకుంటున్నారు. వెనక లారీ వచ్చి ఆగి హారన్ మీద హారన్ కొడుతోంది. గట్టు మీదున్న నాకే చెవులు చిల్లులు పడుతున్నాయి, ఆయన వీపు మాత్రం కదల్లేదు. డ్రైవరు దిగి నానా తిట్లూ అందుకున్నాడు. పరుగెత్తుకెళ్ళి చొక్కా పట్టి లాగితే గానీ ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగి, లారీని చూసి, నన్ను చూసి, దొరికిపోయిన ముఖం పెట్టారు.

గట్టు మీద కూర్చుని, ఆయనకు నా పెదాలు కనబడేలా ఎదురుగా వంగి అడిగాను. "ఎన్నాళ్ళ నుంచి మామయ్యా?"

"రెండేళ్ళయింది తల్లీ."

"మరి సోమవారాలు?"

"చేతికి తెలుస్తుందమ్మా. ముప్ఫై ఏళ్ళ చెయ్యి. దెబ్బ పడ్డాక సుత్తి వెనక్కి ఎలా లేస్తుందో, దాన్ని బట్టి..." నాలుగు ముద్దలు తిన్నాక నిజం ఒప్పుకున్నారు. "అన్నీ తెలియవులే. సగం తెలుస్తుంది."

"అత్తయ్యకు తెలుసా?"

"మీ అత్తయ్యా? పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను తన మాట వినటం లేదనే గోల. ఇప్పుడు కొత్తగా తేడా ఏం తెలుస్తుంది?"

నవ్వాగలేదు నాకు. ఆయనా నవ్వారు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. పక్కనే కొత్త వంతెన లేస్తోంది. ఈ వానలు వెళ్ళగానే అది తెరుస్తారు. అది తెరిస్తే పాత వంతెనతో పనిలేదు, ఆయనతోనూ పనిలేదు. ఇప్పుడు చెవుడని బయటపడితే ఆఫీసు గుమ్మం దగ్గర స్టూలు వేసి మంచినీళ్ళు అందించమంటారు. ముప్ఫై ఏళ్ళుగా వంతెన చెవి అనిపించుకున్న మనిషి, ఆ పేరుతోనే దిగిపోవాలని ఆశపడుతున్నారు. తప్పు కాదనిపించింది.

"వచ్చే సోమవారం నుంచి నేను వింటాను. మీరు కొట్టండి" అన్నాను. బాగుంటే ఒక వేలు, డొల్లయితే రెండు. ఎవరికీ చెప్పనని మాట కూడా ఇచ్చాను. అంతే ఏర్పాటు.

నిజం చెప్పొద్దూ, ఆ పని నాకు తెగ నచ్చింది. కమాను వీపు మీద చల్లగా ఉండేది. ఇంట్లో వంట చేసినా, బట్టలుతికినా, ఇల్లు అద్దంలా పెట్టినా ఒక్కరి కంటా పడేది కాదు. ఇక్కడ నా వేలు లేస్తే లారీలు ఆగుతాయి. రెండో వారానికే ఏ కాలు ఎలా మోగుతుందో నాకు పట్టుబడింది. మూడో వారం, ఎగువ కమాను మూడో కాలి దగ్గర నా రెండు వేళ్ళూ లేచాయి. మామయ్య మళ్ళీ కొట్టి, చెయ్యి ఆనించి చూసి, సున్నా చుట్టారు.

లారీలు ఆగిపోయాయి. అందులో మా ఆయన లారీ కూడా ఒకటి.

మా ఆయన కొత్త వంతెనకు రాయి తోలేవాడు. క్వారీ నదికి అవతల, కొత్త వంతెన కడుతున్న స్థలం ఇవతల. కొత్త వంతెనకు రాయి చేరాలంటే పాత వంతెన మీదుగా రావలసిందే. పదకొండు రోజులు ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకుంటాడా? నా వంటలో ఉప్పు లెక్కపెట్టాడు, వాళ్ళమ్మ అల్లుతున్న బుట్టకు పేర్లు పెట్టాడు, పనిలేక పాటలందుకున్నాడు. ఆయన పాడితే పక్కింటివాళ్ళు కిటికీ వేసుకునేవాళ్ళు.

"నాన్నా, నీ చాదస్తానికో దండం. తొంభై ఏళ్ళు నిలబడ్డది, మూడు నెలలు నిలబడదా?" అన్నాడు ఒక రోజు భోజనాల దగ్గర.

మామయ్య కంచంలోకి చూస్తూ తింటున్నారు. కొడుకు పెదాలు ఆయనకు కనబడలేదు.

"చూశావా అమ్మా! పలుకుతాడేమో చూడు. మన మాటంటే ఎంత లోకువో."

"నాకు కొత్తా నాయనా" అంది అత్తయ్య.

ఆ సాయంత్రమే ఇంజనీరు ఇంటికొచ్చాడు. మూడో కాలు పైపెచ్చు కొట్టి చూస్తే లోపల ఇనుము సగానికి సగం తినేసి ఉందట. ఇంకో వారం లారీలు తిరిగి ఉంటే కూలిపోయేదేనట. "మీ చెవికి దండం పెట్టాలి మేస్త్రీగారూ" అన్నాడు. మామయ్య చిరునవ్వు నవ్వి తలుపు వైపు చూశారు. తలుపు వెనక నేను నోట్లో కొంగు కుక్కుకుని మురిసిపోతున్నాను.

మా ఆయనకు మాత్రం అనుమానం రాకపోలేదు. మళ్ళీ లారీ ఎక్కే రోజు పొద్దున చెప్పులు వేసుకుంటూ అడిగాడు. "అవునూ, సోమవారాలు నాన్నకు క్యారేజీ ఇచ్చి రావడానికి రెండు గంటలెందుకు? నాకు మాత్రం కంచం విసిరేసి పోతావు."

"మీ నాన్న నెమ్మదిగా తింటారు."

"నాన్నా? నెమ్మదిగానా?" పెద్దగా నవ్వాడు. "సరే, మామా కోడళ్ళు ఏం గూడుపుఠాణి చేస్తున్నారో నాకు చెప్పొద్దులే."

నోటిదాకా వచ్చింది. చెప్పేస్తే కడుపుబ్బ నవ్వేవాడు, వారం రోజులు తండ్రిని ఏడిపించేవాడు, ఆ తర్వాత తనే కాపాడేవాడు. చెప్పలేదు. మామయ్యకు మాటిచ్చాను కదా అని ఒకటి, అది నా ఒక్కదాని గొప్ప అని ఇంకొకటి. ఆ రెండోదే పెద్ద కారణమని ఇప్పుడు నాకు తెలుసు.

ఆ ఏడు వరద ముందే వచ్చింది. ఎగువన నాలుగు రోజులు కురిసిన వాన అంతా ఒక్కసారి దిగింది. సోమవారం నేను వెళ్ళేసరికి నీళ్ళు కమాను మొదళ్ళను ఒరుసుకుని పోతున్నాయి. మామయ్య అప్పటికే మెట్లు దిగి నాకోసం చూస్తున్నారు. నీళ్ళ వంక చూపించి ఏదో అన్నారు. నాకు వినబడలేదు. అప్పుడైనా నాకు బుద్ధి ఉండాలి.

ఎగువ కమాను మీద గట్టు దగ్గరి కాళ్ళతో ఇబ్బంది లేదు. మూడో కాలిదాకా ఖణేల్ ఖణేల్మని విన్నాను. నాలుగో కాలి నుంచి కింద నది ఉంది. ఆ హోరు కమాను కింద చిక్కుకుని తిరుగుతోంది. సుత్తి పడటం కనబడుతోంది, దెబ్బ మాత్రం వినబడటం లేదు. రెండు చేతులూ ఊపి 'వినబడటం లేదు' అని చెబితే పోయేది. మామయ్య సుత్తి సంచిలో వేసుకుని పైకెక్కేవారు. మునుపైతే వరద పూట ఆయన సుత్తే ముట్టేవారు కాదని తర్వాత ఇంజనీరు చెప్పగా విన్నాను. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. నీళ్ళు ఎంత లేచాయో ఆయన చూస్తున్నారు గానీ, ఎంత మోగుతున్నాయో ఆయనకు తెలియదు.

చెవి మీద ఆశ వదులుకుని ఆయన ముఖం మీద పడ్డాను. ముప్ఫై ఏళ్ళ చెయ్యి కదా, తేడా ఉంటే చేతికి తెలుస్తుంది, చేతికి తెలిస్తే ముఖం మారుతుంది అనుకున్నాను. నాలుగు, ఐదు, ఆరు. ముఖం మారలేదు, ఒక వేలు ఎత్తాను.

ఏడో కాలి దగ్గర మూడు దెబ్బలకు బదులు ఐదు కొట్టారు. తిరిగి నా వంక చూశారు. నేను ఆయన ముఖం వంక చూశాను. అందులో ఏమీ లేదు. ఒక వేలు ఎత్తాను. ఆయన తలూపి ఎనిమిదో కాలి దగ్గరికి జరిగారు.

మర్నాటికి వరద తీసింది. గురువారం పొద్దున ఎండ కాస్తే, వారం రోజుల తడి బట్టలన్నీ నేనూ అత్తయ్యా పెరట్లో ఆరేస్తున్నాం. ఎక్కడో బండ పగిలినట్టు పెద్ద చప్పుడైంది.

"పిడుగా అత్తయ్యా?"

"ఎండ కాస్తుంటే పిడుగేమిటే నీ మొహం" అంది అత్తయ్య. అన్నదే గానీ ఆమె చేతిలో దుప్పటి కిందపడింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని పరుగు తీశాం.

వంతెన మధ్యలో రోడ్డు లేదు. ఆరో కాలికీ ఎనిమిదో కాలికీ నడుమ ఆకాశం కనబడుతోంది. కింద నీళ్ళలో లారీ వెనక చక్రాలు రెండు పైకి తేలి ఉన్నాయి. ఎవరి లారీ అని అడగాల్సిన పనిలేదు. వెనక తలుపు మీది నీలం రంగు నా ఎదుటే వేశాడు, పోయిన మండుటెండల్లో, పాట పాడుకుంటూ.

మామయ్య తెగిన అంచు దగ్గర నిలబడి ఉన్నారు. జనం ఆయన్ని వెనక్కి లాగుతున్నారు. నేను వాళ్ళను తోసుకుంటూ వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. చప్పుడు లేకుండా పెదాలతోనే అన్నాను, "మామయ్యా, ఏడో కాలు" అని.

ఆయన నా పెదాల వంక చూశారు. ఒక్క క్షణం. వెంటనే నా చెయ్యి విదిలించి కొట్టారు.

"నిన్నెవరు రమ్మన్నారు ఇక్కడికి?" చెవిటివాళ్ళకు గొంతు అదుపు ఉండదు, నదికి అవతల ఒడ్డు దాకా వినబడేలా అరిచారు. "ఎప్పుడైనా ఈ మెట్లు దిగావా నువ్వు? గట్టు మీద క్యారేజీ పెట్టి పోయేదానివి, నీకేం తెలుసు కాళ్ళూ చేతులూ? ఫో! ఇంటికి ఫో!"

ఆ రెండేళ్ళలో ఆయన నన్ను పల్లెత్తు మాట అని ఎరుగరు. కొడుకు పోయి మతి చలించిందనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారు. అత్తయ్య వచ్చి నన్ను పొదివి పట్టుకుంది. "నీ కొడుకు నీళ్ళలో ఉంటే కోడలి మీద అరుస్తావేమయ్యా! మనిషివేనా?" అని గుండెలు బాదుకుంది. ఆయన అప్పటికే అటు తిరిగిపోయారు.

మా ఆయన శనివారం దొరికాడు, దిగువన, కొత్త వంతెన స్తంభం దగ్గర. దాని గురించి ఇంతకంటే చెప్పలేను.

విచారణ ఇంజనీరు ఆఫీసులో జరిగింది. పోయినవాడి మనుషులం కాబట్టి నన్నూ అత్తయ్యనూ గోడవార బెంచీ మీద కూర్చోబెట్టారు. బయటినుంచి వచ్చిన అధికారి బల్ల అవతల రిజిస్టరు తెరుచుకుని కూర్చున్నాడు. మామయ్య ఆయనకు ఎదురుగా నిలబడి, పెదాల మీంచి చూపు తిప్పకుండా ఉన్నారు. చూసేవాళ్ళకు అది మొండితనంలా ఉంది.

"సోమవారం మీరే కొట్టి చూశారా?"

"నేనేనండి."

"అంత వరదలో వినబడిందా?"

"నా చెవులకేమండి. బాగానే వినబడింది."

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు."

నేను బెంచీ మీంచి సగం లేచాను. నిజంగానే లేచాను. అత్తయ్య నా మోకాలు మీద చెయ్యి వేసి నొక్కింది, కళ్ళు తిరుగుతున్నాయేమోనని. కూర్చుండిపోయాను.

అధికారి రిజిస్టర్లో వేలు పెట్టి చదివాడు. "ఏడో కాలు. బాగుంది. అని రాశారు. నిజంగా బాగుందనిపించే రాశారా?"

మామయ్య రిజిస్టర్లో ఆ వేలు ఉన్న చోటికి చూపు దించారు. ప్రశ్న అందలేదేమో అనుకున్నాను. తర్వాత, "లేదండి. చేతికి తేడా తెలిసింది. అనుమానం వచ్చింది. మళ్ళీ రెండు దెబ్బలు కొట్టి చూశాను. అయినా బాగుందని రాశాను" అన్నారు.

"ఎందుకు?"

"రాశానండి."

గదిలో ఎవరో పళ్ళు కొరికారు. ఆయన చేతికి తెలిసింది. తెలిసీ, నా వేలు చూసి, తన చేతిని నమ్మలేదు. నేనేమో ఆయన ముఖం చూసి వేలెత్తాను. ఆ ముఖం ఎందుకు మారలేదో ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు గానీ నాకు తట్టలేదు. చెవుడు బయటపడకుండా ఉండాలంటే మనిషి ముఖంలో ఏదీ కనబడనివ్వకూడదు. రెండేళ్ళుగా ఆయన కష్టపడి నేర్చుకున్నది అదొక్కటే. నేను నమ్ముకున్నది ఆ ముఖాన్ని.

అత్తయ్య లేచి నిలబడింది. "తెలిసీ రాశావా? కన్నకొడుకు రోజూ తిరిగే దారి మీద, తెలిసీ రాశావా?" అంది. అరవలేదు. ఆమె అటుపైన ఆయనతో మాట్లాడటం నేను వినలేదు.

పని పోయింది, కేసు పెట్టారు. వారానికోసారి పోలీసు స్టేషనుకు వెళ్ళి సంతకం పెట్టి వచ్చి, మిగతా రోజులన్నీ మామయ్య వరండాలో కూర్చునేవారు. అత్తయ్య ఆయనకు అన్నం పెట్టటం మానేసింది. నేను కంచం పట్టుకెళ్తుంటే అడ్డం నిలబడేది. "నీ మొగుణ్ణి మింగిన మనిషికి నువ్వు వడ్డిస్తావా? నీ మనసు మంచిదైతే కావచ్చు గానీ, నా కళ్ళతో నేను చూడలేను తల్లీ." ఆమె పెరట్లోకి వెళ్ళినప్పుడు గబగబా కంచం పెట్టి వచ్చేసేదాన్ని. నోటిదాకా వచ్చిన మాట చెప్పుకుందామంటే, ఆ ఇంట్లో ఆయనతో గుట్టుగా మాట్లాడే వీలు లేదు. ఆయన గుసగుసలాడలేరు.

ఒకసారి తెగించాను. అత్తయ్య లోపల బియ్యం ఏరుతోంది. మామయ్య ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, చప్పుడు లేకుండా పెదాలతో అన్నాను, "చెప్పేస్తాను మామయ్యా. నావల్ల కావటం లేదు."

"వద్దు!" అన్నారు. వీధి చివరదాకా వినబడి ఉంటుంది.

"ఏమిటట ఆయనకు?" లోపలినుంచి అత్తయ్య.

"మంచినీళ్ళు వద్దంటున్నారు" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో నోటికి! నాకే అసహ్యం వేసింది. అసహ్యం వేసింది గానీ, ఆ వెనకే ఒళ్ళు తేలికపడింది. చెప్పక్కర్లేదు, ఆయనే వద్దన్నారు. ఆ వద్దును పట్టుకుని వేలాడాను. ఆ రోజు నుంచి బతికింది దాని మీదే.

వానలు వెళ్ళాక కొత్త వంతెన తెరిచారు. పాత దాని మీద రెండు పక్కలా గోడ కట్టేశారు. లారీలు అటునుంచి పోతున్న చప్పుడు మా పెరట్లోకి లీలగా వినబడేది. ఆ పూట అత్తయ్య నన్ను ముందు కూర్చోబెట్టి అన్నం వడ్డించింది. మూడు నెలలుగా అదే వరస. ముందు నాకు పెట్టాకే తను తినేది. జ్వరమొస్తే తల ఒళ్ళో పెట్టుకునేది. నన్ను పుట్టింటికి పంపించమని మా వాళ్ళు వస్తే, "నా బిడ్డ పోయాడు, ఈ బిడ్డనూ తీసుకుపోతారా" అని ఏడ్చింది.

కంచంలో ఇంకో గరిటె వేసి, నా ముఖం మీద పడిన వెంట్రుకలు వెనక్కి తోసింది.

"ఈ కొంపలో ఏ పాపం ఎరగనిదానివి నువ్వొక్కదానివే. ఆయన చేసిన పనికి నువ్వు బలైపోయావు. కాదంటావా?"

తలుపు తీసే ఉంది. వరండాలో మామయ్య ఇటు తిరిగి కూర్చుని, నా పెదాల వంకే చూస్తున్నారు.

"అవునత్తయ్యా" అన్నాను.